కత్తి కంటే ముందు కాగితం పట్టిన డాక్టర్

ప్లాస్టిక్ సర్జరీ అంటే ముఖంలో ప్లాస్టిక్ ముక్క ఏదో పెడతారని అనుకునేవాళ్లు మన హాస్టళ్లలో ఇప్పటికీ దొరుకుతారు. ఆ పేరుకీ మన బకెట్లకీ సంబంధమే లేదు. మలచడం అనే అర్థం ఉన్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. బకెట్లు చేసే ప్లాస్టిక్ పుట్టకముందే ఈ సర్జరీకి ఆ పేరుంది.

ఇప్పుడైతే ఫోన్ తెరిస్తే చాలు, ముక్కు సరిచేస్తాం, కొవ్వు తీసేస్తాం, జుట్టు నాటుతాం అంటూ ఈఎంఐతో సహా ప్రకటనలు కనిపిస్తున్నాయి. ప్రతి దాంట్లోనూ రెండు ఫోటోలు ఉంటాయి, ఆపరేషన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి. ఆ మొదటి ఫోటో దగ్గర్నుంచి ఆపరేషన్ బల్ల దాకా పేషెంట్ ఎలా తయారవ్వాలో మాత్రం ఏ ప్రకటనా చెప్పదు. ఆ మధ్య కాలానికి ఎంత విలువ ఉందో ఒక ప్రాణం పోగొట్టుకుని మరీ నేర్చుకున్న డాక్టర్ ఒకాయన ఉన్నాడు. పేరు హెరాల్డ్ గిల్లీస్. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీకి ఆద్యుడని ప్రపంచం ఒప్పుకున్న మనిషి.

ఆటగాడు డాక్టరయ్యాడు

గిల్లీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. చిన్నప్పుడు ఇంట్లో మెట్ల పక్క కమ్మీ మీద జారుతూ పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ చెయ్యి జీవితాంతం పూర్తిగా చాపలేకపోయాడు. అయినా స్కూల్లో క్రికెట్ కెప్టెన్ అయ్యాడు, కేంబ్రిడ్జ్‌లో చదివేటప్పుడు 1904లో ఆక్స్‌ఫర్డ్‌తో జరిగే పడవ పందెంలో తెడ్డు వేశాడు, గోల్ఫ్‌లో పెద్ద పెద్ద పోటీలకి వెళ్లాడు. బొమ్మలు కూడా బాగా వేసేవాడు. ఆ చెయ్యే తర్వాత ప్రపంచంలో అతి సున్నితమైన కుట్లు వేసింది.

లండన్‌లో వైద్యం చదివి చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా స్థిరపడ్డాడు. మంచి ప్రాక్టీసు, పెళ్లి, పిల్లలు. అంతా సాఫీగా సాగిపోయేదే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది.

కందకాల నుంచి వచ్చిన ముఖాలు

ఆ యుద్ధం కందకాల్లో జరిగింది. సైనికుడి ఒళ్లంతా మట్టిగోడ చాటున ఉండేది, తల ఒక్కటే పైకి వచ్చేది. దాంతో ముఖానికి తగిలే గాయాలు అంతకుముందు ఎన్నడూ లేనంతగా పెరిగిపోయాయి. దవడ ఎగిరిపోయినవాళ్లు, ముక్కు లేనివాళ్లు, రెప్పలు కాలిపోయినవాళ్లు. ఇలాంటివాళ్లని అప్పటి సర్జన్లు ఏం చేసేవారంటే, గాయం అంచులు రెండూ దగ్గరికి లాగి కుట్టేసేవారు. గాయం మానేది, ముఖం మాత్రం వంకర తిరిగిపోయేది. లోపల ఎముక లేకుండా పైన చర్మం లాగితే అంతే కదా, పిల్లర్లు వేయకుండా స్లాబు పోసినట్టు.

1915లో ఫ్రాన్స్ వెళ్లిన గిల్లీస్ అక్కడ వాలదియే అనే పళ్ల డాక్టరు పని చూశాడు. పారిస్‌లో మొరెస్టాన్ అనే సర్జన్ చేసే ఆపరేషన్ చూశాడు. ఇదే తన దారి అనుకున్నాడు. తిరిగొచ్చి పై అధికారుల్ని ఒప్పించి 1916లో ఆల్డర్‌షాట్ మిలిటరీ ఆసుపత్రిలో ఒక వార్డు సంపాదించాడు. ముఖానికి దెబ్బ తగిలినవాళ్లు తన దగ్గరికే రావాలని సొంత డబ్బుతో చీటీలు అచ్చు వేయించి యుద్ధరంగానికి పంపాడు. ఆ చీటీలు గుండీలకి తగిలించుకుని సైనికులు నిజంగానే రావడం మొదలుపెట్టారు. ఆ ఏడాది జులైలో సోమ్ యుద్ధం మొదలైంది. రెండు వందల మంది వస్తారని సిద్ధం చేసుకుంటే, వచ్చినవాళ్లు దాదాపు రెండు వేలు.

ఆ వార్డు సరిపోక 1917లో లండన్ దగ్గర సిడ్‌కప్‌లో క్వీన్స్ హాస్పిటల్ పెట్టారు. అక్కడ గిల్లీస్, ఆయన బృందం కలిసి ఐదు వేల మందికి పైచిలుకు సైనికులకి 11,000 దాకా ఆపరేషన్లు చేశారు.

కొయ్యడానికి ముందు కొలవడం

గిల్లీస్ పద్ధతిలో మన బ్రాంచి ఏదైనా సరే గుర్తుపట్టేసే విషయం ఒకటుంది. డ్రాయింగ్ లేకుండా పని మొదలెట్టడు. సర్జరీ చదివి చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ చేత గాయపడ్డ ముఖాల బొమ్మలు గీయించేవాడు. ఫోటోలు తీయించేవాడు. ప్లాస్టర్‌తో ముఖం అచ్చు పోయించేవాడు. ఎక్కడి చర్మం ఎటు తిప్పాలో ముందు కాగితం మీద గీసుకునేవాడు. ఒక ప్లాన్ పాడైతే వాడుకోవడానికి ఇంకో ప్లాన్ ఉండాల్సిందే అని శిష్యులకి నూరిపోసేవాడు.

ఈ కొలిచే అలవాటులో మన దేశానికీ పాత వాటా ఉంది. తెగిన ముక్కుని మళ్లీ కట్టేటప్పుడు, ముక్కు కొలతకి ఒక ఆకు కత్తిరించి, దాని ప్రకారం బుగ్గ చర్మం తీయాలని సుశ్రుత సంహిత చెప్పింది. 1794లో లండన్ పత్రిక ఒకటి పుణె ప్రాంతంలో కవాస్‌జీ అనే బండివాడికి జరిగిన ఆపరేషన్ గురించి అచ్చు వేసింది. అక్కడ ఆకు బదులు మైనం రేకు. దాన్ని ముక్కు స్థానంలో పెట్టి ఆకారం చూసి, చదును చేసి నుదుటి మీద పరిచి, గీత గీసి, అప్పుడు కోశారు. నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఈ భారతీయ పద్ధతిని గిల్లీస్ కూడా వాడాడు. వైద్యాన్ని సుశ్రుతుడు పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడుగా విడగొట్టాడు. ఆపరేషన్‌కి ముందు చేయాల్సిన దానికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాడంటే, దాన్ని ఎంత పెద్ద పనిగా చూశాడో తెలుస్తుంది.

1917 అక్టోబర్ 3న వికరేజ్ అనే నావికుడికి ఆపరేషన్ చేస్తుండగా గిల్లీస్‌కి ఒక ఉపాయం తట్టింది. జట్లండ్ నౌకాయుద్ధంలో ఆ మనిషి ముఖం కాలిపోయింది. ఛాతీ నుంచి చర్మం పట్టీ లేపారు. ఒక కొస ఒంటికి అతుక్కునే ఉంటుంది, రక్తం అటునుంచి రావాలి కాబట్టి. ఆ పట్టీ అంచులు వాటంతట అవే లోపలికి చుట్టుకుపోవడం గిల్లీస్ గమనించాడు. ఆ రెండు అంచులూ కలిపి కుట్టేస్తే గొట్టం అవుతుంది కదా! గొట్టం చేస్తే లోపలి పచ్చి భాగం గాలికి తగలదు, చీము పట్టే అవకాశం తగ్గుతుంది, రక్తం నిలకడగా పారుతుంది. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టని రోజుల్లో ఇది మామూలు విషయం కాదు. అదే కాలంలో ఒడెసాలో ఫిలాటోవ్ అనే డాక్టరు కూడా విడిగా ఇదే పద్ధతి కనుక్కున్నాడు.

కానీ పేషెంట్ వైపు నుంచి ఆలోచించండి. ఛాతీ నుంచి ముఖానికి చర్మపు గొట్టం వేలాడుతూ వారాల తరబడి బతకాలి. ముఖం వైపు కొత్త రక్తనాళాలు పట్టాయని తేలాకే రెండో కొస కోస్తారు. తర్వాత ఇంకో ఆపరేషన్, మళ్లీ విశ్రాంతి, మళ్లీ ఇంకోటి. కొందరికి ఏళ్లు పట్టింది. వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. ఆసుపత్రి నుంచి ఊళ్లోకి వెళ్లే దారిలో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారు. అక్కడ కూర్చున్నవాళ్లని చూసి ఉలిక్కిపడకుండా జనాలకి అదొక ముందు గుర్తు. ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య మనసు చెదరకుండా బొమ్మలు చేయడం, కోళ్లు పెంచడం లాంటి పనులు నేర్పేవారు. ఆ ఎదురుచూపు కూడా చికిత్సలో భాగమే అన్నమాట.

తొందర తీసిన ప్రాణం

రాల్ఫ్ లమ్లీ యువ పైలట్. 1916లో విమానం కూలి ముఖమంతా కాలిపోయింది. ఏడాది పైన నరకం చూశాక సిడ్‌కప్ చేరాడు. అప్పటికే ఒళ్లూ మనసూ రెండూ నీరసించిపోయి ఉన్నాయి. గిల్లీస్ అతని ఛాతీ మీది చర్మంతో మొత్తం ముఖాన్ని ఒకేసారి కప్పాలని పెద్ద ప్లాన్ వేశాడు. 1918 మొదట్లో ఆ పెద్ద ఆపరేషన్ జరిగింది. కొత్త చర్మానికి రక్తం సరిపోలేదు, అది కుళ్లిపోయింది. చర్మం తీసిన ఛాతీ కూడా మానలేదు. మార్చిలో లమ్లీ చనిపోయాడు.

గిల్లీస్ ఈ కేసుని దాచుకోలేదు. తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అంత బలహీనంగా ఉన్న మనిషి మీద అంత పెద్ద పని ఒక్కసారే పెట్టుకోకూడదు, ముక్కలు ముక్కలుగా చేయాల్సింది, ముందు ఒంట్లో శక్తి రానివ్వాల్సింది. ఆ తర్వాత ఆయన బోధించిన సూత్రాల్లో బాగా పేరు పడ్డది ఇదే: రేపటికి వాయిదా వేయడానికి న్యాయమైన కారణం ఉన్న ఆపరేషన్ ఈరోజు చేయొద్దు. చదువుకునే కుర్రాళ్లకి ఇది బద్ధకస్తుడి సూత్రంలా వినిపిస్తుంది. దాని వెనక ఒక సమాధి ఉంది.

అందం కోసం వచ్చినవాళ్లు

యుద్ధం అయిపోయింది. 1920లో ముఖ శస్త్రచికిత్స మీద ఆయన పుస్తకం వచ్చింది. 1930లో సర్ బిరుదు వచ్చింది. ఇక ప్రైవేటు ప్రాక్టీసులో కొత్త రకం పేషెంట్లు రావడం మొదలైంది. దెబ్బ తగిలినవాళ్లు కాదు, ముక్కు నచ్చనివాళ్లు, ముడతలు పోవాలనుకునేవాళ్లు. పోయింది తిరిగి తేవడం ఒక పని, ఉన్నదాన్ని మించిపోవాలనుకోవడం ఇంకో పని అని గిల్లీస్ స్పష్టంగా విడదీసి చెప్పాడు. అయినా రెండో పనిని చిన్నచూపు చూడలేదు. ముఖం గురించి కుమిలిపోయే మనిషి బాధ నిజమైనదే కదా.

రెండో ప్రపంచ యుద్ధంలో బేసింగ్‌స్టోక్ దగ్గర రూక్స్‌డౌన్ హౌస్‌లో మళ్లీ క్షతగాత్రుల పనిలో దిగాడు. 1946, 1949 మధ్య మైఖేల్ డిల్లన్ స్త్రీ శరీరం నుంచి పురుషుడిగా మారడానికి కనీసం 13 ఆపరేషన్లు చేశాడు. మళ్లీ అదే పద్ధతి, ఒకేసారి కాదు, అంచెలంచెలుగా. 1957లో శిష్యుడు మిల్లార్డ్‌తో కలిసి తన సూత్రాలన్నీ రెండు సంపుటాల్లో రాశాడు. 1960లో 78 ఏళ్ల వయసులో, ఒక అమ్మాయి కాలికి ఆపరేషన్ చేస్తుండగా మెదడులో రక్తం గడ్డకట్టింది. సెప్టెంబర్ 10న కన్నుమూశాడు.

మన సంగతి

గిల్లీస్ కాలం కంటే ఇప్పుడు మత్తు, మందులు, కుట్లు అన్నీ మెరుగయ్యాయి. రక్తం అందితేనే చర్మం బతుకుతుందన్న విషయం మాత్రం మారలేదు. ఈరోజు ప్లాస్టిక్ సర్జన్లు పేషెంట్లకి చెప్పే జాగ్రత్తలు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

సిగరెట్ సంగతి చూడండి. నికోటిన్ సన్నటి రక్తనాళాల్ని బిగించేస్తుంది. కోసి లేపిన చర్మానికి రక్తం అందక చనిపోవచ్చు. అందుకే ఆపరేషన్‌కి కనీసం నాలుగు వారాల ముందు నుంచి మానేయమంటారు, తర్వాత కూడా కొన్ని వారాలు. వేప్‌లోనూ నికోటిన్ ఉంటుంది, అది మినహాయింపు కాదు. నిజం చెప్పకపోతే నష్టపోయేది డాక్టరు కాదు.

వాడే ప్రతి మందూ చెప్పాలి. ఆస్పిరిన్ లాంటివి రక్తం గడ్డకట్టనివ్వవు. జిమ్‌లో ఇచ్చే పొడులు, ఆయుర్వేదం మాత్రలు కూడా లెక్కలోకే వస్తాయి. అలా అని గుండెకో షుగర్‌కో వాడే మందులు సొంతంగా ఆపేయకూడదు, ఏది ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. రక్తహీనత, షుగర్, బీపీ ఉంటే ముందు అవి అదుపులోకి రావాలి. క్రాష్ డైట్ చేసి నీరసంగా వెళ్తే గాయం మానదు. మత్తు ఇచ్చే ముందు ఎన్ని గంటలు ఏమీ తినకూడదో, తాగకూడదో చెప్తారు. అది అచ్చంగా పాటించాలి, కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొన్ని మనం అడగాల్సినవి. చేసేది ఎవరు, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందా? మత్తు డాక్టరు అక్కడే ఉంటారా? అనుకోనిది జరిగితే రెండో ప్లాన్ ఏంటి? ఆ రాత్రి పక్కన ఎవరుంటారు, ఎన్ని రోజులు సెలవు కావాలి? సెమిస్టర్ పరీక్షలకి వారం ముందో, అక్క పెళ్లికి పది రోజుల ముందో పెట్టుకుంటే వాపు దిగడానికే టైం చాలదు.

అన్నిటికంటే ముందు ఒక ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి. ఇది నాకు ఎప్పటి నుంచి బాధగా ఉంది, లేక మొన్న ఎవడో కామెంట్ పెట్టిన దగ్గర్నుంచా? అద్దం ముందు గంటలు గంటలు గడుపుతూ, ఎవరికీ కనిపించని లోపం మనకొక్కరికే పెద్దగా కనిపిస్తుంటే, ముందు కలవాల్సింది సర్జన్‌ని కాదు, మానసిక వైద్యుణ్ని. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

డాక్టరు మిమ్మల్ని చూసి వెంటనే డేట్ ఇవ్వకుండా, టెస్టులు చేయించుకుని, సిగరెట్ మానేసి, రెండు నెలలు ఆలోచించుకుని రమ్మంటే, చికాకుపడి ఇంకో క్లినిక్ వెతుక్కోకండి. గిల్లీస్ లమ్లీకి ఇవ్వలేకపోయిన టైం ఆయన మీకు ఇస్తున్నాడు.