వేగాన్ని నమ్ముకున్న ఇంజినీరు గుస్తాఫ్ డి లావాల్

పచ్చిపాలను వెడల్పాటి పాత్రలో పోసి కదపకుండా ఉంచితే మీగడ తనంతట తానే పైకి తేలుతుంది. అందుకు పూటో, రోజో పడుతుంది. ఆలోగా పాలు పులిసిపోయే ప్రమాదమూ ఉంది. పాలు కాచి, తోడుపెట్టి, కవ్వంతో చిలికి వెన్న తీసే మన ఇళ్లలో ఈ చిక్కు అంతగా ఎదురుకాలేదు. మీగడను తేర్చి వెన్న చేసే ఐరోపా రైతుకు మాత్రం 19వ శతాబ్దం చివరి దశకాల వరకు నిరీక్షణే మార్గం. ఆ నిరీక్షణను నిమిషాలకు కుదించిన వ్యక్తి స్వీడన్ ఇంజినీరు గుస్తాఫ్ డి లావాల్. ద్రవాల నుంచి ఘనపదార్థాలను వేరుచేసే నేటి పారిశ్రామిక సెంట్రిఫ్యూజ్‌లలో ఒక ప్రధాన శాఖకు ఆయన యంత్రమే మూలం. ఆ యంత్రం ప్రపంచమంతటా వ్యాపించింది. దానివల్ల వచ్చిన సంపద మాత్రం ఆయన చేతిలో నిలవలేదు.

స్వీడన్‌లోని డాలర్నా ప్రాంతంలో ఉన్న ఓర్సాలో 1845 మే 9న డి లావాల్ జన్మించారు. ఆయన పూర్వీకులు ఫ్రాన్స్ నుంచి వలస వచ్చి, స్వీడన్‌లో ప్రభువంశ హోదా పొందినవారు. స్టాక్‌హోమ్‌లో సాంకేతిక విద్య అభ్యసించి 1866లో పట్టా పొందినా, తగిన ఉద్యోగం వెంటనే లభించలేదు. మళ్లీ చదువువైపు మళ్లి, ఉప్సాలా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసి 1872లో డాక్టరేటు సాధించారు. అనంతరం క్లోస్టర్ ఇనుప కర్మాగారంలో ఇంజినీరుగా చేరారు.

పాలతో ఏ సంబంధమూ లేని ఆ ఉద్యోగంలో ఉండగానే, 1877లో ఒక జర్మన్ పత్రికలోని వ్యాసం ఆయన దృష్టికి వచ్చింది. వేగంగా తిప్పడం ద్వారా పాల నుంచి మీగడను వేరుచేయవచ్చని జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ లెఫెల్ట్ చేసిన ప్రయోగాన్ని అది వివరించింది. అయితే లెఫెల్ట్ యంత్రాన్ని ప్రతిసారీ ఆపి, మీగడ తీసి, మళ్లీ పాలు నింపవలసి వచ్చేది. ఆపనవసరం లేని యంత్రాన్ని రూపొందించాలని డి లావాల్ సంకల్పించారు. మరుసటి ఏడాదికే, అంటే 1878లో, దానిని సాధించారు.

ఆయన యంత్రంలో ప్రధానమైనది నిమిషానికి వేల సార్లు తిరిగే ఒక ఉక్కు గిన్నె. పాలు దాని మధ్యభాగంలోకి ధారగా పడతాయి. ఆ భ్రమణంలో పుట్టే బలం గురుత్వాకర్షణ కంటే ఎన్నో రెట్లు అధికం. బరువైన వెన్నతీసిన పాలు గిన్నె అంచువైపు నెట్టుకుపోగా, తేలికైన మీగడ కేంద్రం వద్ద నిలుస్తుంది. రెండూ వేర్వేరు దారులగుండా నిరంతరం వెలుపలికి వస్తాయి. పాలలోని దుమ్ము, నలుసులు అన్నిటికంటే బరువైనవి కావడంతో గిన్నె గోడకు మడ్డిలా పేరుకుంటాయి. పాడి యంత్రంగా పుట్టిన ఈ సాధనం, ద్రవాన్ని ఘనమాలిన్యాల నుంచి శుద్ధి చేసే యంత్రంగా ఎదగడానికి బీజం ఆ మడ్డిలోనే ఉంది.

వ్యాపారి ఆస్కార్ లామ్‌తో కలిసి ఆరంభించిన వ్యాపారం 1883లో సెపరేటర్ అనే కంపెనీగా రూపుదిద్దుకుంది. చిన్న రైతులు చేతితో తిప్పుకొనే యంత్రాలు కూడా 1880లలోనే వచ్చాయి. తరువాతి పెద్ద ముందడుగుకు ఆలోచన ఇచ్చింది మరొకరు. గిన్నెలో పలుచని శంఖాకారపు పళ్లేలను ఒకదానిపై ఒకటి పేర్చితే, నలుసు ప్రయాణించవలసిన దూరం రెండు పళ్లేల నడుమ సందుకే పరిమితమవుతుందని జర్మనీకి చెందిన క్లెమెన్స్ ఫాన్ బెక్టోల్‌షైమ్ గుర్తించి, 1888లో పేటెంటు పొందారు. సెపరేటర్ కంపెనీ ఆ హక్కులను కొనుగోలు చేసి, ఆ పళ్లేలను ఆల్ఫా పేరిట ప్రవేశపెట్టింది. దాంతో యంత్రం సామర్థ్యం అనేక రెట్లు పెరిగింది.

ఇంత వేగంగా గిన్నెను తిప్పడానికి అనువైన ఇంజిన్ కోసం సాగిన అన్వేషణ డి లావాల్‌ను ఆవిరి టర్బైన్ వైపు నడిపించింది. ముందు ఇరుకై, ఆపై వెడల్పయ్యే గొట్టం ద్వారా ఆవిరిని పంపితే, అది ధ్వనివేగాన్ని మించి దూసుకువస్తుంది. ఆ ధాటికి చక్రం నిమిషానికి 30,000 సార్లు తిరిగింది. అంత వేగంలో బిగువైన ఇరుసు తట్టుకోలేదని గ్రహించి, ఆయన సన్నగా, వంగే గుణంతో ఇరుసును తయారు చేయించారు. ఒక హద్దు దాటిన తరువాత చక్రం తన సమతౌల్యాన్ని తానే వెతుక్కుంటుందన్నది అందులోని సూత్రం. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈ టర్బైన్ సందర్శకులను ఆకర్షించింది.

స్వీడన్ రాజ శాస్త్ర అకాడమీ సభ్యత్వం ఆయనకు 1886లోనే లభించింది. పార్లమెంటు సభ్యుడిగానూ పనిచేశారు. స్వదేశంలో 92 పేటెంట్లు పొంది, 37 కంపెనీలను స్థాపించారు. ఒక ఆవిష్కరణ లాభాల బాట పట్టేసరికి ఆయన మనసు మరోదానిపై ఉండేది. సెపరేటర్ ద్వారా లభించిన ధనమంతా పాలు పితికే యంత్రం, విద్యుత్ కొలిమిలో జింకును కరిగించే పద్ధతి వంటి ప్రయోగాలకు ఖర్చయింది. వాటిలో అనేకం కాలానికంటే ముందున్నవే. అప్పులు ఇచ్చినవారు అంతకాలం ఆగలేదు. 1913 ఫిబ్రవరి 2న స్టాక్‌హోమ్‌లో కన్నుమూసేనాటికి ఆయన ఆస్తి దాదాపు హరించుకుపోయింది.

ఆయన వెచ్చించినది వృథా కాలేదని కాలం నిరూపించింది. పాలు పితికే యంత్రాన్ని ఆయన కంపెనీ కొన్నేళ్ల తరువాత విపణిలోకి తెచ్చింది. టర్బైన్ కోసం రూపొందిన గొట్టపు ఆకృతి నేటికీ దాదాపు ప్రతి రాకెట్ ఇంజిన్‌లోనూ కనిపిస్తుంది. పళ్లేల సెపరేటర్ ఓడలలో ఇంధన నూనెను శుద్ధి చేస్తోంది. పులియబెట్టిన ద్రవం నుంచి ఈస్టును వేరుచేస్తోంది. తెలుగు రాష్ట్రాల డెయిరీలలోనూ పాల నుంచి వెన్నశాతాన్ని వేరుచేసేది ఇదే సూత్రం. చేతితో ఊడ్చవలసిన మడ్డిని, గిన్నె తిరుగుతూ ఉండగానే వెలుపలికి నెట్టే యంత్రాలు కూడా తరువాత వచ్చాయి.

1963లో సెపరేటర్ కంపెనీ తన పేరును ఆల్ఫా లావాల్‌గా మార్చుకుంది. అందులో మొదటి సగం బెక్టోల్‌షైమ్ పళ్లేలది. రెండవ సగం, సంపదను మిగుల్చుకోలేకపోయిన ఆ ఇంజినీరుది.