చుక్కాని పట్టిన బానిస - రాబర్ట్ స్మాల్స్

నావికుల పేర్లు చెప్పమంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి కొలంబస్, వాస్కోడగామా, నెల్సన్. పాఠ్యపుస్తకాల్లో చదివినవి అవే కదా! 23 ఏళ్ల వయసులో, అక్షరం ముక్క రాని ఒక నల్లజాతి బానిస శత్రువుల ఓడను వాళ్ల కళ్ల ముందే నడిపించుకుపోయి, భార్యాపిల్లలతో సహా స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. ఆయన పేరు రాబర్ట్ స్మాల్స్. ఆయన గురించి హాస్టల్ మిత్రులు, పూర్వ విద్యార్థులు తెలుసుకోవాలనే ఈ వ్యాసం.

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, బ్యూఫోర్ట్ పట్టణంలో 1839 ఏప్రిల్ 5న స్మాల్స్ జన్మించాడు. తల్లి లిడియా మెక్‌కీ అనే యజమాని ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటి వెనుక గుడిసెలోనే బిడ్డను కన్నది. ఇంట్లో పనిచేసే పిల్లవాడు కాబట్టి స్మాల్స్‌కు తిండికి లోటు లేదు, దెబ్బలు తక్కువ. దానికి తల్లి సంతోషించలేదు, భయపడింది. తన కొడుకు బానిసత్వమంటే ఏమిటో తెలియకుండా పెరుగుతాడేమోనని, బానిసలను కొరడాలతో కొట్టే చోటికి, వేలం వేసే చోటికి పంపి కళ్లారా చూడమన్నదని చెబుతారు. చదువు లేని ఆ తల్లి నేర్పిన మొదటి పాఠం అది.

12వ ఏట యజమాని ఆయన్ని చార్లెస్టన్ రేవు పట్టణానికి కూలికి పంపాడు. కష్టం పిల్లవాడిది, జీతం యజమానిది. వారానికి ఒక్క డాలరు మాత్రం కుర్రాడి చేతిలో పెట్టేవారు. హోటల్లో పనిచేశాడు, వీధి దీపాలు వెలిగించాడు, చివరికి రేవులో చేరి తెరచాపలు కుట్టడం, తాళ్లు బిగించడం, చుక్కాని పట్టడం నేర్చాడు. 1856లో హానా అనే బానిస స్త్రీని పెళ్లాడాడు. కూతురు పుట్టింది. భార్యనూ బిడ్డనూ కొనుక్కుంటానని హానా యజమానిని అడిగితే 800 డాలర్లన్నాడు. స్మాల్స్ కూడబెట్టింది 100.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వం ఉండాలనే దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి ఉత్తరాది ప్రభుత్వంతో తలపడ్డాయి. పత్తి మోసే 'ప్లాంటర్' అనే ఆవిరి ఓడను దక్షిణాది సైన్యం తీసుకుని ఫిరంగులు, సరుకులు మోయించసాగింది. దాని చుక్కాని స్మాల్స్ చేతిలో ఉండేది. రేవులో ఎక్కడ లోతుందో, ఎక్కడ ఇసుక మేట వేసిందో, నీటిలో మందుపాతరలు ఎక్కడున్నాయో ఆయనకు కంఠతా వచ్చు. అలాంటివాడిని 'పైలట్' అనాలి. ఆ మాట తెల్లవాళ్లకే చెల్లుతుందట! అందుకే ఆయన్ని 'చక్రం తిప్పేవాడు' అని మాత్రమే పిలిచేవారు.

1862 మే 12 రాత్రి ఓడలోని ముగ్గురు తెల్ల అధికారులు నియమం తప్పి ఇళ్లకు వెళ్లి పడుకున్నారు. స్మాల్స్ ఎదురుచూస్తున్నది ఆ రాత్రి కోసమే. తెల్లవారుజామున మూడు గంటల వేళ ఓడ కదిలింది. దారిలో దాక్కుని ఉన్న హానాను, పిల్లలను, తోటివాళ్ల కుటుంబాలను ఎక్కించుకున్నారు. మొత్తం 16 మంది. పట్టుబడితే ఓడను ముంచేసి అందరూ కలిసి చావాలని ముందే నిర్ణయించుకున్నారు. స్మాల్స్ కెప్టెన్ కోటు వేసుకుని, ఆయన గడ్డి టోపీ పెట్టుకుని, ఆయనలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో కోట ముందూ సంకేతం ప్రకారం కూత వేస్తూ పోయాడు. అన్నిటికన్నా ప్రమాదమైన సమ్టర్ కోట దగ్గరికి వచ్చేసరికి తెల్లవారబోతోంది. ముఖం కనిపిస్తే అంతే. అక్కడా తొందరపడి వేగం పెంచలేదు. కాపలావాళ్లు పొమ్మని సైగ చేశారు.

కోట దాటాక ఇంకో గండం. ఎదురుగా ఉత్తరాది నౌక 'ఆన్‌వర్డ్' శత్రువుల ఓడే వస్తోందనుకుని ఫిరంగులు గురిపెట్టింది. దక్షిణాది జెండా దించి, హానా తెచ్చిన తెల్లటి దుప్పటి ఎగరేశారు. ఆఖరి నిమిషంలో అది కంటపడి బతికిపోయారు. ఓడతోపాటు ఫిరంగులు, రహస్య సంకేతాల పుస్తకం కూడా ఉత్తరాది చేతికొచ్చాయి. స్మాల్స్ తలలో ఉన్న రేవు వివరాలు వాటికన్నా విలువైనవని అడ్మిరల్ డ్యుపాంట్ గుర్తించాడు.

అదే ఏడాది ఆగస్టులో స్మాల్స్ వాషింగ్టన్ వెళ్లి, నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకోవాలని యుద్ధమంత్రి స్టాంటన్‌ను కోరాడు. 5,000 మందిని చేర్చుకోవచ్చన్న ఉత్తర్వు వచ్చింది. 1863 ఏప్రిల్ 7న చార్లెస్టన్‌పై దాడిలో 'కియోకక్' అనే ఉక్కు కవచపు నౌకకు ఆయనే పైలట్. దానికి 90 దాకా దెబ్బలు తగిలి మర్నాడు మునిగిపోయింది. ఆ డిసెంబరులో ప్లాంటర్ ఎదురుకాల్పుల్లో చిక్కితే తెల్ల కెప్టెన్ లొంగిపోదామని బొగ్గు గదిలో దాక్కున్నాడు. లొంగిపోతే తెల్లవాళ్లను ఖైదీలుగా చూస్తారు, నల్లవాళ్లను చంపేస్తారు. స్మాల్స్ చుక్కాని తీసుకుని ఓడను గట్టెక్కించాడు. ఆ తర్వాత ఆయన్నే కెప్టెన్‌ను చేశారు.

1864లో ఓడ మరమ్మతుకు ఫిలడెల్ఫియా వెళ్లినప్పుడు చదవడం, రాయడం మొదలుపెట్టాడు. అప్పటికి 25 ఏళ్లు. అదే ఊళ్లో గుర్రపు ట్రామ్‌లో కూర్చున్న ఈ యుద్ధవీరుణ్ణి నల్లవాడని దింపేశారు! దానిపై పెద్ద ఆందోళన జరిగి, 1867లో పెన్సిల్వేనియాలో ఆ వివక్షను నిషేధించే చట్టం వచ్చింది.

తాను బానిసగా ఉన్న యజమాని ఇంటికే స్మాల్స్ యజమాని అయ్యాడు. పన్ను కట్టనందుకు ప్రభుత్వం వేలం వేస్తే కొన్నాడు. మతిస్థిమితం తప్పిన పాత యజమానురాలు అది తన ఇల్లే అనుకుని వస్తే ఉండనిచ్చాడని బ్యూఫోర్ట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1868 రాష్ట్ర రాజ్యాంగ సభలో పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య కావాలని పట్టుబట్టాడు. శాసనసభకు, సెనేట్‌కు, తర్వాత పలుమార్లు అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఆయన రాష్ట్ర సెనేట్‌లో ఉన్న 1873లోనే ఇక్కడ మహాత్మా ఫూలే 'గులాంగిరి' రాసి, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు.

కానీ అధికారం మళ్లీ పాత యజమానుల చేతికి పోయింది. 1877లో లంచం కేసు పెట్టి శిక్ష వేశారు. రాజకీయ కక్షే కారణమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. 1879లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చాడు. 1895లో నల్లవాళ్ల ఓటు తీసేయడానికి రాజ్యాంగ సభ పెడితే, అందులో ఉన్న ఆరుగురు నల్ల సభ్యుల్లో ఒకడిగా నిలబడి ఎదిరించాడు. ఓడిపోయాడు.

నౌకాదళం సంగతి మరీ అన్యాయం. ప్లాంటర్‌కు తక్కువ వెలకట్టి, బహుమతిగా 1,500 డాలర్లిచ్చారు. విశ్రాంత అధికారుల జాబితాలో చేర్చమంటే, అధికారిగా నియమించిన కాగితం లేదన్నారు. చుక్కాని పట్టినప్పుడు ఎవరూ కాగితం అడగలేదు! చివరికి 1897లో ప్రత్యేక చట్టం చేసి కెప్టెన్ స్థాయిలో నెలకు 30 డాలర్ల పింఛను ఇచ్చారు.

1915 ఫిబ్రవరి 23న బ్యూఫోర్ట్‌లో, ఏ ఇంటి వెనుక గుడిసెలో పుట్టాడో ఆ ఇంట్లోనే స్మాల్స్ కన్నుమూశాడు. దక్షిణాది సైన్యం గెలిచిన ఒక యుద్ధం పేరు మీద 'ఛాన్సలర్స్‌విల్' అని పిలిచే యుద్ధనౌక అమెరికా నౌకాదళంలో ఉండేది. 2023లో ఆ పేరు తీసేసి దానికి రాబర్ట్ స్మాల్స్ పేరు పెట్టారు.