మన రాయచూరు రాళ్లను చదివిన రాబర్ట్ బ్రూస్ ఫూట్



పోయిన నెల మన తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పొలంలో దొరికిన రాయిని సంచిలో పెట్టుకుని నా గదికి వచ్చాడు. దాని లోపల చేప ఉందని వాళ్ల తాత చెప్పాడట. సుత్తితో పగలగొట్టి చూద్దామా అని అడిగాడు. వద్దన్నాను. మరి ఎక్స్‌రే తీయిస్తే లోపల ఏముందో కనబడదా అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పే ముందు, ఎక్స్‌రే అనే మాటే పుట్టని రోజుల్లో మన ప్రాంతపు రాళ్లను, ఎముకలను కళ్లతోనే చదివిన ఒక మనిషి గురించి మీకు చెప్పాలి. ఆయన పేరు రాబర్ట్ బ్రూస్ ఫూట్. భారతదేశ పూర్వచరిత్రకు పితామహుడని ఆయనను అంటారు.

ఫూట్ 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు. 24 ఏళ్ల వయసులో, 1858లో, భారత భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగానికి చేరి మద్రాసు వచ్చారు. ఉద్యోగం ఏమిటంటే ఎక్కడ ఏ రాయి ఉంది, బొగ్గు ఉందా, బంగారం ఉందా అని చూసి పటాలు గీయడం. గుర్రం మీద, ఎద్దుబండి మీద, కాలినడకన ఊరూరా తిరగాలి. రాత్రికి డేరా వేసుకోవాలి. మూడు దశాబ్దాలకు పైగా ఆయన చేసిన పని ఇదే.

ఆయన ఇక్కడికి వచ్చిన మరుసటి ఏడాదే, 1859లో, డార్విన్ జీవపరిణామం గురించి తన పుస్తకం అచ్చువేశారు. అదే ఏడాది ఫ్రాన్సులోని సోమ్ నది ఒడ్డున దొరికిన రాతి పనిముట్లు చాలా ప్రాచీన మానవుడివేనని ఇంగ్లండు పండితులు ఒప్పుకున్నారు. ఈ సంగతులు చదివిన ఫూట్‌కు ఒక అనుమానం వచ్చింది. అక్కడ ఉన్న మనిషి ఇక్కడ ఎందుకు ఉండకూడదు?

1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో, సైనికుల మైదానంలో కంకర తవ్విన గోతిలో ఆయనకు ఒక రాయి కనిపించింది. రెండు వైపులా చెక్కిన చేతిగొడ్డలి. దారిన పోయే వందమందికి అది వట్టి రాయే. కొన్ని నెలలకే విలియం కింగ్ అనే తోటి ఉద్యోగితో కలిసి అత్తిరంపాక్కంలో మరెన్నో పనిముట్లు కనిపెట్టారు. భారతదేశంలో రాతియుగం ఉందని లోకానికి తెలిసింది అప్పుడే. ఆ అత్తిరంపాక్కం పనిముట్లలో అతి పాతవి సుమారు 15 లక్షల ఏళ్ల కిందటివని 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. అంత పాతవని ఫూట్ కలలో కూడా అనుకుని ఉండరు.

ఎముకల విషయంలోనూ ఆయన కన్ను అలాంటిదే. బెళగావి జిల్లా గోకాక్ దగ్గర ఒక ఖడ్గమృగం దవడ ఎముకలు ఆయనకు దొరికాయి. 1874లో వాటిని వర్ణించి, దక్కను పేరు కలిసేలా ఆ జంతువుకు పేరు పెట్టారు. ఇప్పుడు మనం ఖడ్గమృగాన్ని చూడాలంటే అస్సాం పోవాలి. ఒకప్పుడు అది మన కృష్ణా పరీవాహకంలో మేసింది.

ఇక మనకు బాగా దగ్గరి కథ. మీ ఇళ్లలో చాలామంది బేతంచెర్ల బండలు పరిచి ఉంటారు. ఆ బేతంచెర్ల దగ్గరే బిల్లసర్గం గుహలు ఉన్నాయి. అక్కడ ఎముకలు ఉన్నాయని అంతకు 40 ఏళ్ల ముందే కెప్టెన్ న్యూబోల్డ్ రాశారు. వాటిని మళ్లీ తవ్వించాలని హక్స్‌లీ అనే ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త సూచిస్తే, ఆ పని ఫూట్‌కు అప్పగించారు. 1884లో, 50 ఏళ్ల వయసులో, ఆయన అక్కడికి చేరారు. సైన్యంలో అధికారిగా ఉన్న కొడుకు హెన్రీ కూడా వచ్చి తవ్వకం చూసుకున్నాడు. మన పిల్లలు విహారయాత్రకు వెళ్లే బేలం గుహల గురించి ఫూట్ రాసిపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

బిల్లసర్గంలో సంచులకొద్దీ ఎముకలు దొరికాయి. ఖడ్గమృగం, కోతులు, జింకలు, ఎలుకలు, గబ్బిలాలు ఇలా ఎన్నో. లిడెక్కర్ అనే శాస్త్రవేత్త వాటిని పరిశీలించి 1886లో అచ్చువేశారు. కొన్ని ఎముకలు మనిషి చెక్కిన పనిముట్లని ఫూట్ నమ్మారు. ఇక్కడే తంటా వచ్చింది. ముళ్లపంది కొరికిన ఎముక కూడా చెక్కినట్టే కనబడుతుంది. ఫూట్ చూసిన ఆ ఎముకలేమో తరువాతి పరిశోధకుల చేతికి అందలేదు. 1970లలో బేతంచెర్ల దగ్గరే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వితే ఎముక పనిముట్లు బయటపడ్డాయి కాబట్టి ఫూట్ మాటకు బలం వచ్చింది. కానీ ఆయన చేతిలో ఉన్న ఆ ఎముకల సంగతి మాత్రం ఇక తేలదు. వస్తువు పోతే ప్రశ్న కూడా దానితోనే పోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికే వస్తాను.

మన రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ దోఆబ్‌లోనూ ఫూట్ తిరిగారు. బంగారం ఉండే రాతిపట్టీలను గుర్తించి, వాటికి ధార్వాడ్ రాళ్లని పేరు పెట్టారు. హట్టి బంగారు గని ఉన్నది ఆ పట్టీలోనే. మస్కిలో, లింగసుగూరు పరిసరాల్లో పాత జనావాసాల గుర్తులు రాసుకున్నారు. మస్కి అశోక శాసనం ఆయన చనిపోయిన తరువాత, 1915లో బయటపడింది.

మన వైపు, బళ్లారి వైపు బూడిద దిబ్బలు మీరు చూసే ఉంటారు. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన బూడిద అని పెద్దలు చెబుతారు. ఫూట్ వాటిని పరిశీలించి, అవి పూర్వం పశువుల మందలు కట్టిన దొడ్లలో పేడ పేరుకుని కాలిపోయిన దిబ్బలని అన్నారు. అందరూ ఒప్పుకోలేదు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఆల్చిన్ తవ్వితే దొడ్డి కంచె గుంజల గుంటలు, పశువుల గిట్టల ముద్రలు కనిపించాయి. 1960లో జ్యూనర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి అది కాలిన పేడేనని తేల్చారు. అంటే కంటితో చూసి చెప్పిన మాటకు సాక్ష్యం దొరకడానికి అన్నేళ్లు పట్టింది. ఆ దిబ్బలు అప్పటిదాకా మిగిలి ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది. ఎరువు కోసం ఆ బూడిద తోలుకుపోతే అదీ ఉండదు.

1891లో సర్వే శాఖ నుంచి విరమించాక ఫూట్ బరోడా సంస్థానంలో, తరువాత మైసూరు సంస్థానంలో భూగర్భ శాఖల పని చూశారు. చివరికి ఏర్కాడు కొండల్లో స్థిరపడ్డారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన వేలాది వస్తువులు 1904లో మద్రాసు మ్యూజియానికి చేరాయి. ఏ వస్తువు ఏ ఊళ్లో దొరికిందో ఆయన రాసిన జాబితా, 1912లో ఆయన కన్నుమూశాక అచ్చయింది. మన మస్కి పేరు కూడా అందులో ఉంది.

ఇప్పుడు మన అబ్బాయి ప్రశ్నకు వద్దాం. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నారు. అప్పటికి ఫూట్‌కు 61 ఏళ్లు. ఆస్పత్రిలో తీసే ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, మాంసం మసకగా పడుతుంది కదా. ఎముక కిరణాన్ని ఎక్కువగా ఆపుతుంది కాబట్టి అలా. రాతిలో ఉన్న శిలాజానికీ ఇదే సూత్రం. శిలాజం, చుట్టూ ఉన్న రాయి కిరణాన్ని వేరువేరుగా ఆపితే లోపలిది కనబడుతుంది. రెండూ ఒకేలా ఆపితే మామూలు ఎక్స్‌రేలో ఏమీ తెలియదు.

అందుకే ఇప్పుడు మైక్రో సీటీ వాడుతున్నారు. రాయిని కొంచెం కొంచెం తిప్పుతూ వందలు, వేల చిత్రాలు తీస్తారు. కంప్యూటరు వాటిని కలిపి లోపలి ఆకారాన్ని నిలబెడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు వివరం కూడా దొరుకుతుంది. ఇంకా బలమైన కిరణాలు కావాలంటే సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం ఉంది. ఇండోర్‌లో ఉన్న ఇండస్-2 మన దేశపు సింక్రోట్రాన్. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఇలాంటి యంత్రంతోనే ఆర్కియోప్టెరిక్స్ అనే తొలికాలపు పక్షి రెక్క ఎముకలను పగలగొట్టకుండా చూశారు. ఎముక గోడ ఎంత మందంగా ఉందో లెక్కగట్టి, అది కొద్దికొద్ది దూరాలు ఎగిరి ఉంటుందని 2018లో చెప్పారు. దాని మొదటి అస్థిపంజరం 1861లో దొరికింది. అప్పటి మనిషి సుత్తి వేసి ఉంటే ఇవాళ ఈ సంగతి తెలిసేదా?

ఎక్స్‌రే చెప్పలేనిది ఒకటుంది. ఆ రాయి ఎక్కడ, ఏ పొరలో దొరికిందో అది చెప్పదు. అది రాసిపెట్టాల్సింది మనిషే. ఈ విషయంలో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను పనిచేసిన ఒక బడిలో పిల్లలు తెచ్చిన రాళ్లన్నీ అలమరలో పేర్చాను. ఎవరు, ఏ ఊరి నుంచి తెచ్చారో ఒక్క చీటీ కూడా పెట్టలేదు. అందులో రెండు చెక్కిన రాళ్లు ఉన్నాయని ఏళ్ల తరువాత తెలిసింది. ఎక్కడివో చెప్పే దారి లేదు. ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా ఆ తప్పు సరికాదు.

మన అబ్బాయి రాయిలో ఉన్నది చేప కాదు. రాతి పగులులో ఖనిజం పాకి ఏర్పడిన నల్లటి మరక. మన చుట్టూ ఉన్న గ్రానైట్ కరిగిన రాతి నుంచి గడ్డకట్టింది, అందులో శిలాజాలు ఉండవు. వాడు కొంచెం డీలా పడ్డాడు కానీ, వాడు అడిగిన ప్రశ్న ఊరికే పోలేదు.

కాబట్టి పిల్లలూ, పొలంలో వింత రాయో ఎముకో కనబడితే పగలగొట్టకండి, కదపకండి. అక్కడే ఫొటో తీసి, ఊరి పేరు, పొలం గుర్తు, తేదీ నోటుపుస్తకంలో రాసి మీ సైన్సు టీచరుకు చూపించండి. తల్లిదండ్రులారా, పిల్లవాడు రాళ్లు ఏరుతున్నాడని కోప్పడకండి. పక్కన కూర్చుని ఆ నాలుగు మాటలు రాయించండి, చాలు.