చిన్న రిసీవర్, పెద్ద హార్న్: పాల్ క్లిప్ష్

ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత స్టీరియో రిసీవర్ బేరమాడేవాళ్లు ముందు వాట్స్ అడుగుతారు. పాల్ క్లిప్ష్ గారైతే ముందు స్పీకర్ చూడమనేవారేమో.

1904లో అమెరికాలోని ఇండియానాలో పుట్టారు. పన్నెండేళ్లకే, ప్రొఫెసరైన తండ్రి చనిపోయారు. ఇంజినీరింగ్ చదివి, చిలీలో ఎలక్ట్రిక్ రైలింజన్ల మీద పనిచేశారు. యుద్ధకాలంలో ఆర్మీ ఆఫీసర్‌గా ఆర్కన్సాలోని హోప్‌కు వచ్చి, 1946లో అక్కడే స్పీకర్ల కంపెనీ పెట్టారు.

ఆయన క్లిప్షార్న్‌ను గది మూలలో పెడితే రెండు గోడలూ హార్న్‌లో భాగమవుతాయి. 1 వాట్‌కే మీటరు దూరంలో సుమారు 105 డెసిబెల్స్! 90 ఇచ్చే మామూలు స్పీకర్‌కు అంత మోత రావాలంటే 30 వాట్స్ పైనే కావాలి. అందుకే 15 వాట్స్ పాత రిసీవర్ దీనికి ధారాళంగా సరిపోతుంది. పిల్లలున్న ఇంట్లో మాత్రం వాల్యూమ్ తగ్గించే ఉంచండి.

ఆయన 2002లో చనిపోయారు. క్లిప్షార్న్ ఇప్పటికీ హోప్‌లోనే తయారవుతోంది.