మార్కోనీ: కబురు అందేదాకా

పిల్లలూ, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్ళలో ఒక పక్క సామాన్లు సర్దుతాం, ఇంకో పక్క స్నేహితుల ఫోన్ నంబర్లు రాసుకుంటాం. తీగ లేకుండా కబురు పంపడం ప్రపంచానికి అలవాటు చేసిన గుగ్లియెల్మో మార్కోనీ కూడా మనలాగే ఊళ్ళు మారుతూ పెరిగినవాడే.

ఆయన 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యాలో పుట్టాడు. తండ్రి ఇటలీ భూస్వామి, తల్లిది ఐర్లండ్. బాల్యం కొంత ఇంగ్లండులో, కొంత ఫ్లారెన్సులో, కొంత లివోర్నోలో గడిచింది. ఇంట్లో తల్లితో ఇంగ్లీషు మాట్లాడే ఆ పిల్లవాడి ఇటాలియన్ విని బడిలో తోటిపిల్లలు నవ్వేవారని చెబుతారు. కొత్త బడిలో మొదటి వారం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు! లివోర్నోలో చూపు తగ్గిన ఒక ముసలి టెలిగ్రాఫ్ ఉద్యోగికి పుస్తకాలు చదివి వినిపించి, ఆయన దగ్గర మోర్స్ సంకేతాలు నేర్చుకున్నాడట. యూనివర్సిటీ చదువు దొరకలేదు. కానీ ఇంటి పొరుగున ఉండే ఫిజిక్స్ ప్రొఫెసరు రీగీ వల్ల, హెర్ట్జ్ ప్రయోగాలలో నిరూపించిన విద్యుదయస్కాంత తరంగాల సంగతి తెలిసింది.

1895లో మార్కోనీ యాంటెన్నాను ఎత్తుగా నిలిపి, పరికరం రెండో కొసను భూమికి కలిపి చూశాడు. కబురు వెళ్ళే దూరం బాగా పెరిగింది. అన్న అల్ఫోన్సో రిసీవరు తీసుకుని గుట్ట అవతలికి వెళ్ళాడు. కబురు అందినట్టు ఇవతల ఉన్నవాళ్ళకు తెలిసేదెలా? అందగానే తుపాకి పేల్చాలని ముందే అనుకున్నారు. కాసేపటికి తుపాకి మోగింది. పంపిన కబురు నిజంగా అందిందా అన్న ఈ ప్రశ్నే మార్కోనీని జీవితమంతా పరుగెత్తించింది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో అదృశ్య తరంగాలతో గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. బోస్ మనసు పరిశోధన మీద ఉంటే, మార్కోనీ మనసు దాన్ని రోజువారీ పనికి తేవడం మీద ఉంది. 1896లో లండన్ వెళ్ళాడు, 1897లో కంపెనీ పెట్టాడు, 1899లో ఇంగ్లిష్ చానల్ మీదుగా ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ మధ్య కబుర్లు నడిపాడు.

తరువాత అట్లాంటిక్ మహాసముద్రం వంతు. ఇంగ్లండు తీరాన పోల్డూలో 20 స్తంభాలతో కట్టిన యాంటెన్నా 1901 సెప్టెంబరు గాలివానకు కూలిపోయింది. చిన్నది కట్టించి, తాను అవతలి ఒడ్డున న్యూఫౌండ్‌లాండ్ చేరి, గాలిపటానికి తీగ కట్టి ఎగరేశాడు. డిసెంబరు 12న మూడు చుక్కలు, అంటే మోర్స్‌లో ఎస్ అక్షరం, వినిపించాయని ప్రకటించాడు. విన్నది తానూ, తన సహాయకుడూ మాత్రమే. చాలామంది నమ్మలేదు. అందుకని 1902లో ఓడ ఎక్కి, అందిన సంకేతాలు కాగితం మీద పడేలా ఏర్పాటు చేశాడు. అప్పుడే ఒక విచిత్రం తెలిసింది. పగలు దాదాపు 700 మైళ్ళతో ఆగిన సంకేతాలు రాత్రి 2,000 మైళ్ళు దాటాయి! ఆకాశంలోని విద్యుత్ పొరల వల్ల రేడియో దారి గంటగంటకూ మారుతుందని శాస్త్రజ్ఞులు ఆ తరువాత తేల్చారు.

1909లో నోబెల్ బహుమతిని మార్కోనీతో కలిసి జర్మనీకి చెందిన బ్రౌన్ అందుకున్నాడు. మూడు యాంటెన్నాలను కలిపి వాడితే తరంగాలను కావలసిన వైపు బలంగా పంపవచ్చని 1905లో చూపించినవాడు ఈయనే.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు మార్కోనీ కంపెనీ ఆపరేటర్లు పంపిన కబురు విని కార్పేథియా ఓడ వచ్చింది. 700 మందికి పైగా బతికారు. అంతకన్నా దగ్గరలోనే కాలిఫోర్నియన్ అనే ఓడ ఉంది. అందులో ఉన్న ఒకే ఒక్క ఆపరేటరు అప్పటికే పడుకున్నాడు. ఒక్కరి మీదే ఆధారపడితే ఎంత ప్రమాదమో లోకానికి తెలిసొచ్చింది. ప్రయాణికుల ఓడల్లో రేడియో దగ్గర 24 గంటలూ మనిషి ఉండాలన్న నియమాలు ఆ తరువాతే వచ్చాయి.

1920లలో మార్కోనీ, ఆయన ఇంజినీరు ఫ్రాంక్లిన్ కలిసి ఎత్తైన స్తంభాలకు వరుసగా ఎన్నో తీగలు వేలాడదీసి, పొట్టి తరంగాలను ఒకే దిక్కుకు పంపే బీమ్ పద్ధతి తెచ్చారు. 1927లో అది ఇంగ్లండును మన దేశంతో కలిపింది. ఇక్కడి కేంద్రాలు పూణే దగ్గర ఖడ్కీలోనూ, దౌండ్‌లోనూ ఉండేవి. నాన్నగారి ఉద్యోగం వల్ల ఖడ్కీలో ఉన్న పిల్లలు మనలో ఉండే ఉంటారు!

తరువాతి ఇంజినీర్లు ఇంకో మెట్టు ఎక్కారు. సంకేతం ఒకచోట బలహీనపడ్డ క్షణంలోనే కాస్త దూరంలో బలంగా ఉండవచ్చు. అందుకే యాంటెన్నాలను ఎడంగా పెట్టారు. లెక్క వేసి చూద్దాం. ఒక దారి 10 సార్లలో 1 సారి విఫలమవుతుందనుకోండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులూ ఒకేసారి విఫలమయ్యేది 100లో 1 సారే. మూడైతే 1,000లో 1 సారి. టవరుతో పని లేకుండా ఒక ఫోను నేరుగా మరో ఫోనుతో మాట్లాడే పద్ధతికీ ఇదే సూత్రం పనికొస్తుంది. రెండు ఫోన్లకూ దూరం ఎక్కువైతే మధ్యలో కొన్ని యాంటెన్నాలున్న రిలే పెడతారు. అది కబురును అందుకుని, సరిచూసి, మళ్ళీ బలంగా పంపుతుంది. తప్పుగా విని తప్పుగా అందిస్తే లాభం లేదు కదా!

మార్కోనీ జీవితంలో మచ్చ లేకపోలేదు. ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరి, ఆ ప్రభుత్వానికి తన పేరు అరువిచ్చాడు. ఆయన పనిని మెచ్చుకుంటూనే ఈ సంగతీ మనం గుర్తుంచుకోవాలి.

1937 జూలై 20న రోమ్‌లో మార్కోనీ కన్నుమూశాడు. ఆయన గౌరవార్థం రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మూగబోయాయి.

ప్రతి జూన్‌లోనూ మన క్లాసుల్లోకి భాష రాని కొత్త పిల్లలు వస్తారు. వాళ్ళ మాట మిగతావాళ్ళకూ, మిగతావాళ్ళ మాట వాళ్ళకూ మధ్యలో నిలబడి సరిగ్గా అందించేవాళ్ళు కావాలి. ఆ పని ఒక్కరే చేస్తే ఏదో ఒక రోజు ఆ ఒక్కరూ బదిలీ మీద వెళ్ళిపోతారు. నలుగురం చేద్దాం.