చూపు లెక్క తేల్చిన ఇబ్నుల్ హైసమ్

దృష్టి శాస్త్రానికి పితామహుడిగా ప్రపంచం గౌరవించే ఇబ్నుల్ హైసమ్ క్రీ.శ. 965 (హిజ్రీ 354) ప్రాంతంలో ఇరాక్‌లోని బస్రాలో జన్మించారు. ఆయన పూర్తి పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్నుల్ హసన్ ఇబ్నుల్ హైసమ్. ఐరోపా వారు అల్‌హాజెన్ అన్నది ఆయననే.

నైలు నది వరదను అదుపు చేయవచ్చని ఆయన అన్న మాట ఈజిప్టును పాలిస్తున్న ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా ఆయనను కైరోకు పిలిపించి, పనివారినిచ్చి పంపాడు. ఇబ్నుల్ హైసమ్ నది వెంట దక్షిణాన అస్వాన్ దాకా వెళ్లారు. దారి పొడవునా ప్రాచీనులు కట్టిన మహాకట్టడాలను చూశారు. అంతటి నేర్పరులే చేయని పని తన వల్ల కాదని గ్రహించి, తిరిగివచ్చి ఆ సంగతి ఒప్పుకున్నారు. అల్ హాకిమ్ ఎప్పుడు ఎవరిని శిక్షిస్తాడో తెలియని ప్రభువు. ప్రాణభయంతో ఇబ్నుల్ హైసమ్ పిచ్చివాడిలా నటించారనీ, 1021లో ఖలీఫా కాలం ముగిసేదాకా ఇంట్లోనే నిర్బంధంలో ఉన్నారనీ చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ రాశాడు. ఆ తర్వాత ఆయన అల్ అజ్‌హర్ మసీదు దగ్గర నివసిస్తూ, యూక్లిడ్, టాలెమీల గ్రంథాలకు నకళ్లు రాసి అమ్ముకుని జీవించారు.

ఆయన పేరు నిలిపిన గ్రంథం ఏడు భాగాల 'కితాబుల్ మనాజిర్'. కంటి నుంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకుతాయని యూక్లిడ్, టాలెమీ నమ్మారు. ఇబ్నుల్ హైసమ్ దాన్ని కాదన్నారు. వెలుగే వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ సరళరేఖల్లో వచ్చి కంటిని చేరుతుందన్నారు. చీకటి గదికి చిన్న రంధ్రం ఉంచి, దాని ఎదుట దీపాలు వరుసగా పెట్టారు. ఒక దీపాన్ని మూస్తే, లోపల దానికి సంబంధించిన వెలుగు మచ్చ ఒక్కటే మాయమైంది. వెలుగులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా తమ దారిన తాము సాగుతాయని ఇలా రుజువైంది.

కళ్లు రెండైనా దృశ్యం ఒక్కటే ఎందుకు? దీనికీ ఆయన ప్రయోగమే చేశారు. చెక్క పలక అంచున ముక్కు ఆనేలా గాడి తొలిచి, పలకపై రంగు గీతలు గీసి, మైనపు స్తంభాలు నిలిపారు. నడిమి స్తంభాన్ని తదేకంగా చూస్తే అది ఒక్కటిగానే ఉంది. దాని ముందు, వెనుక ఉన్నవి రెండేసిగా కనిపించాయి. ఒక వస్తువు రూపం రెండు కళ్లలోనూ పరస్పరం సరిపోలే స్థానాల్లో పడితేనే ఒక్కటిగా కనిపిస్తుందని ఆయన తేల్చారు. రెండు చూపుడువేళ్లను ఒకదాని వెనుక ఒకటి నిలిపి, మనమూ దీన్ని పరీక్షించుకోవచ్చు.

నేడు కంప్యూటర్‌తో ఫొటోలను పోల్చే శాస్త్రానికి మూలప్రశ్న ఇలాంటిదే. ఒక ఫొటోలోని బిందువు మరో ఫొటోలో ఎక్కడుంది? వెలుగు సరళరేఖలో వస్తుంది కాబట్టి, రెండో ఫొటోలో దాన్ని ఒకే ఒక గీత మీద వెతికితే చాలు. కెమెరా కొలతలు తెలిస్తే, ఇలా సరిపోల్చిన ఎనిమిది జతల బిందువులతో రెండు కెమెరా స్థానాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే పద్ధతిని 1981లో బ్రిటన్ శాస్త్రజ్ఞుడు లాంగెట్ హిగిన్స్ ప్రచురించాడు. అయినా ఫొటోలను బట్టి మాత్రమే వస్తువు అసలు పరిమాణం తెలియదు. బయటి కొలత ఒకటైనా కావాలి. కంటి దగ్గర ఏర్పడే కోణం ఒక్కటే పరిమాణాన్ని చెప్పదనీ, దూరమూ తెలియాలనీ, ఆ దూరాన్ని మనిషి నేల మీద అడుగులతో, చేతితో కొలిచి నేర్చుకుంటాడనీ ఇబ్నుల్ హైసమ్ వెయ్యేళ్ల కిందటే వివరించారు.

ఆయన 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. లాటిన్‌లోకి వెళ్లిన గ్రంథం 1572లో బాసెల్‌లో అచ్చయింది. కంటి కటకమే రూపాన్ని గ్రహిస్తుందని ఆయన అనుకున్నారు. ఆ పని కంటి వెనుక పొరదని 1604లో కెప్లర్ చూపాడు. ఈ సవరణతో ఆయన గౌరవం తగ్గదు. పూర్వికుల మాటనే కాక తన మాటనూ శంకించి పరీక్షించమని నేర్పినవారు ఆయనే. నైలు ఒడ్డున తన వల్ల కాదని ఒప్పుకున్న ఆ నిజాయితీయే పలక మీదా, చీకటి గదిలోనూ ఆయనకు దారి చూపింది.