అన్నమయ్య కోరిక – స్వామి సంకల్పం

మన సంఘం ప్రత్యేక సంచికకు తాళ్లపాక అన్నమాచార్యుల వారి జీవితం గురించి నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరారు. రాజంపేట ప్రాంతంలో కొంతకాలం ఉద్యోగం చేసినవాణ్ణి గనుక సంతోషంగా ఒప్పుకున్నాను.

అన్నమయ్య 1408లో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించారు. ఆయన చరిత్రను మనుమడు చిన్నన్న ద్విపదలో రాశారు. ఉమ్మడి కుటుంబంలో అందరూ ఆ పిల్లవానికి పనులు చెప్పేవారట. ఒకనాడు గడ్డి కోయబోయి చిటికెనవేలు కోసుకున్నారు. ఆ సమయంలో పాడుకుంటూ వెళ్తున్న యాత్రికుల వెంట తిరుపతికి నడిచిపోయారు.

పదహారో ఏట, 1424లో, స్వామి ప్రత్యక్షమైనారనీ, నాటి నుండి 1503లో పరమపదించే వరకు సంకీర్తనలు చెప్పారనీ రాగిరేకుల మీద ఉంది. అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి వద్ద వేదాంతం అభ్యసించి శరణాగతి మార్గం పట్టారు. అయినా సంసారం విడువలేదు. తిమ్మక్క, అక్కలమ్మ ఆయన భార్యలు. సుభద్రా కల్యాణం రాసినది ఈ తిమ్మక్కే.

కోరికను చంపుకుంటేనే భక్తి అని మనలో చాలామంది అనుకుంటాం. అన్నమయ్య చంపుకోలేదు, దారి మళ్లించారు. మనిషి విరహం, అలక, ఆశ అన్నీ అలమేలుమంగా వేంకటేశ్వరులకు అర్పించారు. అందుకే ఆధ్యాత్మిక సంకీర్తనలతోపాటు అన్ని శృంగార సంకీర్తనలు పుట్టాయి.

సాళువ నరసింగరాయలు అటువంటి పదం విని ముచ్చటపడి, తనమీద కూడా ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నారు. రాజు సంకెళ్లు వేయించాడు. స్వామిని వేడుకోగా అవి ఊడిపడ్డాయనీ, రాజు పశ్చాత్తాపపడ్డాడనీ చిన్నన్న రాశారు. సంకెళ్ల మాట ఎవరి నమ్మకం వారిది. నాకు ముఖ్యమైనది ఆ ముందరి క్షణం. సంకెళ్లు ఊడతాయని తెలిసి ఆయన కాదనలేదు.

మనం ఉద్యోగమంతా పైవారి ఆజ్ఞలకు తలవంచినవాళ్లం. కాదనలేకపోయిన ప్రతిదానికీ దైవేచ్ఛ అని పేరు పెట్టడం మనకు అలవాటే. ఇద్దరు భార్యలను, బిడ్డలను పోషిస్తున్న ఆ గృహస్థు మాత్రం రాజు ఇష్టం వేరు, దైవ సంకల్పం వేరని తేల్చారు. శరణాగతి అంటే అందరికీ లొంగడం కాదు, ఒక్కరికే.

ఫలితాన్ని కూడా ఆయన తన చేతిలో పెట్టుకోలేదు. 32,000 సంకీర్తనలు చెప్పారని చిన్నన్న మాట. కుమారుడు పెదతిరుమలాచార్యుల కాలంలో రాగిరేకులకెక్కిన ఆ సాహిత్యం తిరుమల ఆలయంలోని అరలో శతాబ్దాలు మూలపడి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగు చూసింది. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు పరిష్కరించి లోకానికి అందించారు. నేడు దొరికేవి 12,000కు పైగా.

మిత్రులారా, పింఛను తప్ప అధికారం లేని వయస్సు మనది. పిల్లలు మన మాట ప్రకారం నడవాలనీ, చేసిన మంచి కళ్లారా చూడాలనీ కోరికలు మిగిలే ఉన్నాయి. వాటిని వదలమని అన్నమయ్య జీవితం చెప్పదు. స్వామి ముందు పెట్టి, మన వంతు పని ఆపకుండా చేయమంటుంది.